నల్లపిల్లను ఏ కవి ప్రేమించిండు?

(మార్చి 10, సావిత్రిబాయి ఫూలే వర్ధంతి నాడు ఒక జిల్లా కేంద్రంలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



మాకు ఇచ్చిన అంశం ‘స్త్రీ సౌందర్యం - ప్రేమ కవిత్వం’. ఇది విని కొందరు మిత్రులు నవ్విండ్రు. ‘భూమి గురించి, కూలి గురించి, అత్యాచారాల గురించి మాట్లాడాల్సిన వేదిక మీద అందం ముచ్చటేంది మేడం?’ అన్నారు. వాళ్ళ ప్రశ్న న్యాయమైందే. అయినా ఈ అంశాన్ని మేమే కోరి తీసుకున్నం. ఎందుకో ముందు చెప్తం.

మేము బడిలో తెలుగు చెప్తం. ఇరవై ఏండ్లుగా అదే పని. మా ఇంట్ల పలక పట్టింది మాతోనే మొదలు. మా అవ్వ నాట్లకు, కలుపులకు పోయి మమ్మల్ని చదివించింది. కొన్నేండ్ల కింద మేము పనిచేసిన ఒక బడికి పెద్ద అధికారి వస్తున్నాడన్నారు. పూల పళ్ళేలు పట్టుకొని స్వాగతం చెప్పడానికి పదిమంది ఆడపిల్లల్ని ఏరాలి. తొమ్మిదో తరగతి పిల్ల ఒకామె మాదిగవాడ నుంచి వచ్చేది. బాగా పాడుతది. ముందు వరుసలో నిలబడ్డది. ఏర్పాట్లు చూసే పెద్దమనిషి వచ్చి ‘కొంచెం రంగున్న పిల్లల్ని ముందు పెట్టండి, ఫోటోలు దిగుతరు’ అన్నాడు. ఆ పిల్లను వెనక్కి పంపిండ్రు. మేము అక్కడనే ఉన్నం. మాకు నోరు పెగలలేదు. ఆ తప్పు ఈ సభలో ఒప్పుకుంటున్నం.

మర్నాడు ఆ పిల్ల ముఖం నిండా పౌడరు పూసుకొని వచ్చింది. నల్లటి మెడ మీద తెల్లటి ముఖం. పిల్లలు నవ్విండ్రు. ఆ రోజు మేము చెప్పే పద్యంలో నాయిక వర్ణన ఉన్నది. ముఖం చంద్రబింబం, నడక హంస నడక, ఒళ్ళు మెరుపుతీగ అని అర్థాలు రాయించినం. గంట కొట్టినంక ఆ పిల్ల మా దగ్గరికి వచ్చి అడిగింది: ‘మేడం, మన కవులల్ల నల్లపిల్లను ప్రేమించినాయన ఒక్కడన్న ఉన్నడా?’

ఎం.ఏ. చదివిన మా చదువు దగ్గర ఆ ప్రశ్నకు జవాబు లేకపోయింది. చదివిన పుస్తకాలే మళ్ళీ ముందు వేసుకొని కూర్చున్నం. ఇయ్యాల మాట్లాడేది ఆ పిల్లకు మేము ఆలస్యంగా ఇస్తున్న జవాబు అనుకోండి.

మసి అంటిన చంద్రుడు

మొదటి సంగతి. నల్లపిల్లను ప్రేమించిన కవిత్వం ఉన్నది. అదీ ఎక్కడో కాదు, మన నేల మీదనే.

శాతవాహనుల పేరు విన్నరు గదా. మన గోదావరి ఒడ్డున కోటిలింగాల దగ్గర వాళ్ళ నాణేలు దొరికినయి. ఆ వంశంలో హాలుడనే రాజు ప్రాకృతంలో ఏడు వందల గాథలు కూర్చిండని చెప్తరు. దాన్నే ‘గాథాసప్తశతి’ అంటరు. దాదాపు రెండు వేల ఏండ్ల కిందటి ముచ్చట. అందులో అంతఃపురాలు తక్కువ, పల్లెలు ఎక్కువ. నాగలి దున్నే మొగోడు, ఆయన పెండ్లాం, వేటగాని ఇల్లాలు, వరిచేను కావలి కాసే పిల్ల, వీళ్ళే నాయికా నాయకులు. ఒక గాథలో నల్లటి పడుచు నాగలి దున్నేవాని కొడుకును ఓరకంట చూస్తది. వాని చెవిలో నేరేడు ఆకు ఉంటది. కలుద్దామనుకున్న చెట్టు కాడికి వాడు పోయి వచ్చిండని, తాను పోలేకపోయిందని ఆమెకు తెలుస్తది. ముఖం ఇంకింత నల్లబడ్తది. ఆ నల్లదనాన్నే కవి అందంగా చెప్పిండు. ఆమె నలుపుకు ఆయన ఎవరినీ క్షమాపణ అడగలేదు.

ఇంకో గాథ ఉన్నది. ఇల్లాలు వంట చేస్తూ మసి చేత్తో ముఖం తుడుచుకుంటది. ముఖానికి మసి అంటుతది. మొగడు చూసి నవ్వుతడు. ఎందుకంటే ఇప్పుడు ఆ ముఖం అచ్చంగా మచ్చ ఉన్న చంద్రుని లెక్కనే అయింది. చూడండి, మనం పిల్లలతో బట్టీ పట్టించే చంద్రబింబం పోలిక ఇక్కడా ఉన్నది. కానీ ఇక్కడ చంద్రుడు కావడానికి పనిచేసిన చేతి మసే కారణం.

ఆ గాథలన్నీ మన ఆడవాళ్ళు రాసుకున్నవే అని చెప్పి మిమ్మల్ని మురిపించం. అది ఒక రాజు కూర్పు. పల్లెను దూరం నుంచి చూసి ముచ్చటపడిన నాగరికుని చూపు కూడా అందులో ఉన్నది. అయినా పని చేసే ఆడమనిషి ప్రేమకు తగదని అందులో లేదు. ఈ సప్తశతిని నూనూగు మీసాల వయసులోనే తెలుగు చేసినట్టు శ్రీనాథుడు తానే చెప్పుకున్నడు. ఆ తెలుగు పుస్తకం మాత్రం మనకు దక్కలేదు. దక్కిన పుస్తకాలు ఏవో, దక్కని పుస్తకాలు ఏవో ఒక్కసారి ఆలోచించండి.

అజంతా మొదటి గుహలో 5వ శతాబ్దపు బొమ్మల్లో నల్లటి రాజకుమార్తె ఉన్నది. మహాభారతంలో ద్రౌపది అసలు పేరు కృష్ణ. నల్లగా ఉన్నది గనకనే ఆ పేరు. ఆమె కోసమే గదా రాజులందరూ స్వయంవరానికి వచ్చి కొట్టుకున్నది. అదే ద్రౌపది మన ఇండ్లల్లో క్యాలెండర్ల మీద, సినిమాల్లో తెల్లగా ఎట్ల అయింది? 1894లో రవివర్మ అచ్చుయంత్రం పెట్టినంక పురాణ స్త్రీల బొమ్మలు ఇంటింటికీ వచ్చినయి. ఆ బొమ్మల్లో ఆడవాళ్ళు పచ్చటి మేనివాళ్ళు. బొమ్మ చూసిన కండ్లకు పేరులోని నలుపు మరుపుకు వచ్చింది.

‘శ్యామ’కు బంగారు పూత

అచ్చుయంత్రం కంటే ముందే ఈ పని నిఘంటువులు చేసినయి. కాళిదాసు ‘మేఘసందేశం’లో యక్షుడు తన భార్యను వర్ణిస్తూ ‘శ్యామ’ అంటడు. శ్యామ అంటే నల్లనిది, చామనఛాయది అని మన పిల్లలు కూడా చెప్తరు. దానికి వ్యాఖ్యానం రాసిన కోలాచల మల్లినాథసూరి మన మెదక్ ప్రాంతం మనిషే. గొప్ప పండితుడు. ఆయన ఒక నిఘంటువును చూపించి ఇక్కడ శ్యామ అంటే నడి యవ్వనంలో ఉన్న స్త్రీ అని అర్థం చెప్పిండు. ఇంకొక సంప్రదాయం ఇంకో అడుగు ముందుకు వేసింది. చలికాలంలో వెచ్చగా, ఎండాకాలంలో చల్లగా ఉండి, ఒళ్ళు కాచిన బంగారం రంగులో మెరిసేది శ్యామ అన్నది.

మాటకు ఇంకో అర్థం ఉండొచ్చు. పండితుల మీద మాకు కోపం లేదు. కానీ నల్లనిది అని నేరుగా చెప్పే మాటను బంగారు రంగు దాకా సాగదీయాల్సిన అవసరం ఎందుకొచ్చింది? నాయిక నల్లగా ఉండకూడదని ముందే తేల్చుకున్నంక పదానికి అర్థం మార్చక తప్పలేదని మేము అనుకుంటున్నం. మమ్మల్ని చదివించిన పంతుళ్ళు కూడా శ్యామ అంటే ‘యౌవనవతి’ అనే రాయించిండ్రు. మేమూ మా పిల్లలకు అదే రాయించినం.

చేపల వాసన, కస్తూరి వాసన

రంగు తర్వాత వాసన సంగతి. మహాభారతంలో సత్యవతి బెస్తల పెద్ద ఇంట పెరిగింది. పడవ నడిపింది. ఆమెకూ కాళి అనే పేరు ఉన్నది. ఒంట్లో చేపల వాసన. అందుకే మత్స్యగంధి అన్నారు. పరాశరుడు ఆమెను కోరిండు, వరమిచ్చిండు. చేపల వాసన పోయి యోజనం దూరం వ్యాపించే సువాసన వచ్చింది. తర్వాత శంతను మహారాజు ఆమెను చూడకముందే ఆ సువాసనకు ఆకర్షితుడై వచ్చిండు. ఇది కథ. మనం చదవాల్సింది ఏమిటి? బెస్తపిల్లకు రాజు ఇంట్లో చోటు దొరకాలంటే ముందు ఆమె ఒంటి నుంచి ఆమె పని వాసన పోవాలి. చేపలు తినే నోటికి వాసన రాదు, చేపలు పట్టే చేతికి వస్తది!

ఇప్పుడు 16వ శతాబ్దానికి రండి. కృష్ణదేవరాయల కొలువులో అల్లసాని పెద్దన ‘మనుచరిత్ర’ రాసిండు. ప్రవరుడు హిమాలయాల మీద దారి తప్పితే మొదట ఆయనకు తగిలింది మనిషి కాదు, వాసన. కస్తూరి, కర్పూరం వేసిన తాంబూలం వాసన. ఆ వాసన పట్టుకొని పోతే వరూధిని కనబడ్డది. కస్తూరి, కర్పూరం ఎవరి ఇంట్ల ఉంటయి? దేశం మీద తిరిగే వర్తకులు తెచ్చిన సరుకు, రాజుల కొలువుల్లో వాడే సరుకు. కావ్యంలో నాయిక వాసనంటే ఆ ఇంటి ఆస్తి వాసనే. మా అవ్వ ఒంటి మీద బురద వాసన, గడ్డి వాసన, చెమట వాసన ఉండేది. ఆ వాసన మీద ప్రబంధం లేదు.

లేని నడుము, కదలని నడక

ప్రబంధాల్లో వర్ణన ఎట్ల ఉంటదో చదివినోళ్ళకు తెలుసు. తల నుంచి కాలి గోరు దాకా ఒక్కొక్క అవయవానికి ఒక్కొక్క పద్యం. ముక్కు మీద ఒక పద్యం రాసి నంది తిమ్మనకు ‘ముక్కు తిమ్మన’ అనే పేరే వచ్చిందని చెప్పుకుంటరు. నడుము ఉన్నదా లేదా అనే అనుమానం రావాలి. తుంటి బరువుకు అడుగు కదలకూడదు. నడక హంసదో ఏనుగుదో కావాలి. అరికాలు చిగురుటాకు లెక్క ఉండాలి.

ఇది ఊరికే కవుల సరదా అనుకునేరు. మనుస్మృతి మూడో అధ్యాయం తీయండి. పెండ్లికి ఎట్లాంటి పిల్లను చూడాలో అక్కడ జాబితా ఉన్నది. హంస లెక్కనో ఏనుగు లెక్కనో నడిచేది, చిన్న పండ్లది, మెత్తటి ఒళ్ళుది కావాలన్నడు. నది పేరు, చెట్టు పేరు, పక్షి పేరు, పాము పేరు, అంత్యజుల పేరు, దాస్యం తెలిపే పేరు ఉన్న పిల్ల వద్దన్నడు. అదే మనువు పదో అధ్యాయంలో చండాలుర గురించి చెప్తూ చచ్చినోళ్ళ బట్టలు కట్టాలె, ఇనుప సొమ్ములు పెట్టుకోవాలె అన్నడు. అలంకారశాస్త్రం అంటే కవిత్వం పుస్తకం అనుకున్నం గానీ, మనకు వేరే అలంకారశాస్త్రం ఉన్నది. అది ఇనుముతో చేసింది. కావ్య నాయిక కొలతలు, మనువు పెండ్లికూతురి కొలతలు ఒక్క గజంకట్టెతోనే కొలిచినయి.

ఆ కొలతలను నాట్లేసే మనిషికి పెట్టి చూడండి. మోకాటి లోతు బురదలో పొద్దందాక వంగి వెనక్కి వెనక్కి నడుస్తది. నడుము ఉన్నదా లేదా అని ఆమెకు అనుమానం రాదు. రాత్రి పండుకుంటే ఉన్నదని నొప్పి చెప్తది. హంస లెక్క నడిస్తే మేస్త్రీ కూలి కోస్తడు. కాబట్టి మేము చెప్పేది ఇది. అందం కొలతలు కాలానికి ఒక తీరు మారినయి. ఒకప్పుడు నిండు తుంటి, ఒకప్పుడు బక్క నడుము. ఒకప్పుడు చామనఛాయ, ఒకప్పుడు పాలరంగు. కానీ అధికారంలో ఉన్నోళ్ళు రాయించిన కొలతల్లో ఒకటి మాత్రం ఎక్కువ మారలేదు: పని చేసినట్టు ఒంటి మీద గుర్తు ఉండకూడదు. ఎండ గుర్తు నలుపు. బరువు గుర్తు మెడ నరాలు. బురద గుర్తు పగిలిన మడిమె. ఇవి లేని ఒళ్ళే అందమైన ఒళ్ళు. ఆ ఒళ్ళు అట్ల ఉండాలంటే ఇంకెవరి ఒళ్ళో నల్లబడాలె, పగలాలె.

మరి కింది కులాల ఆడవాళ్ళు పాత కావ్యాల్లో అసలు లేరా అంటే ఉన్నరు. ‘క్రీడాభిరామం’లో ఇద్దరు మిత్రులు ఓరుగల్లు వీధులన్నీ తిరుగుతరు. దారిలో కనబడిన ఆడవాళ్ళను వర్ణించుకుంటూ పోతరు. ఆట ఆడే గొరగపడుచు కూడా వాళ్ళ కండ్లకు వినోదమే. చూపుకు ఉన్నరు గానీ ప్రేమకు లేరు. చూసేవాడు మాట్లాడుతడు, ఆమె మాట్లాడదు. మాట్లాడిన ఆడమనిషికి ఏమైందో కూడా చెప్తం. 18వ శతాబ్దంలో తంజావూరు కొలువులో ముద్దుపళని అనే భోగం స్త్రీ ‘రాధికాసాంత్వనం’ రాసింది. ఆడదాని కోరికను ఆడదే చెప్పింది. మగ కవుల శృంగారం పాఠ్యపుస్తకాలకు ఎక్కింది గానీ ఈమెది బూతు అని కందుకూరి వీరేశలింగం అంతటాయన తిట్టిండు. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ అచ్చు వేయిస్తే ప్రభుత్వం నిషేధించింది. 1947లో టంగుటూరి ప్రకాశం ప్రభుత్వంలో గానీ ఆ నిషేధం పోలేదు.

మన వాడలో అందం అంటే భయం

ఇప్పుడు పుస్తకాలు పక్కకు పెట్టి మన ఇండ్లకు వద్దాం.

మా అమ్మమ్మ చెప్పేది. గడీల కాలంలో దొర పొలానికి పోయేటప్పుడు ఎదిగిన ఆడపిల్లకు తల దువ్వేటోళ్ళు కాదట. నూనె పెట్టేటోళ్ళు కాదట. కొందరు తల్లులు కుండ అడుగు మసి తీసి పిల్ల ముఖానికి రాసేటోళ్ళట. దొర కండ్ల పడొద్దని. దొర బిడ్డ పెండ్లయి పోతుంటే ఆమె వెంట పనికి ‘ఆడబాప’గా పంపే పిల్లల్లో తమ పిల్ల ఉండొద్దని. ఆడబాప బతుకు ఏమిటో తెలంగాణ పెద్దమనుషులను అడగండి. ఆమె ఆ ఇంటి పనికీ, ఆ ఇంటి మగవాళ్ళకూ కూడా.

అప్పుడు చెప్పిన గాథను గుర్తుచేసుకోండి. అక్కడ ముఖానికి మసి అంటితే మొగడు చంద్రుడని నవ్విండు. ఇక్కడ తల్లి మసి రాసి ఏడ్చింది. ఆ రెండు మసుల నడుమ మన చరిత్ర ఉన్నది.

పైకులాల ఇంట్ల ఆడపిల్ల అందంగా పుడితే మంచి సంబంధం వస్తదని సంతోషం. వాడలో అందంగా పుడితే ఎవరి కన్ను పడుతదో అని గుండెల్ల రాయి. కొన్ని చోట్ల ఊరందరి పాలు చేయడానికి దేవుని పేరు పెట్టి జోగినిని చేసిండ్రు. దాన్ని నిషేధించడానికి 1988లో ఆంధ్రప్రదేశ్‌లో చట్టమే చేయాల్సి వచ్చింది. మన ఆడవాళ్ళను అందగత్తెలని ఒప్పుకోని మనుషులే మన ఆడవాళ్ళ మీద పడ్డరు. పగలు అంటరానిది, రాత్రి అంటనిది ఉండదు. ప్రేమకు ఒకామె, వాడుకకు ఒకామె అని ఊరు పంచుకున్నది. ప్రేమకు ఎవరు తగుదురో పిల్లలకు చిన్నప్పటి నుంచి నేర్పింది మాత్రం కవిత్వమే. అందుకే ప్రేమ కవిత్వం మనకు సంబంధం లేని ముచ్చట కాదు.

అమలినం ఎవరిది?

20వ శతాబ్దం వచ్చింది. ప్రబంధాల అంగాంగ వర్ణన మీద కొత్త కవులకు రోత పుట్టింది. మంచిదే. రాయప్రోలు సుబ్బారావు ‘అమలిన శృంగారం’ అన్నరు. ఒంటితో పని లేని, మలినం లేని ప్రేమ అన్నమాట. భావకవుల ప్రేయసి వెన్నెల అయింది, ఊహ అయింది, ఊర్వశి అయింది. వాళ్ళ పాటలు తీయగా ఉంటయి. కాదనం. బి.ఏ. చదివేటప్పుడు మేమూ పాడుకున్నం.

కానీ మలినం అనే మాట మనకు తగిలినట్టు వాళ్ళకు తగలదు. మనల్ని మైల అన్నరు. బావి దగ్గర మైల, గుడి దగ్గర మైల, నీడ పడితే మైల. మలినం లేని ప్రేమ కావాలన్నప్పుడు మలినం అని పేరు పడ్డ మనుషులు ఆ ప్రేమలో ఎక్కడ నిలబడాలె? ఒళ్ళు మరిచిపోవడం ఒంటికి ఏ శిక్షా పడనోళ్ళకు సులువు.

1925లో నండూరి సుబ్బారావు ‘ఎంకి పాటలు’ వచ్చినయి. పల్లె పిల్ల, పల్లె మాట, నాయుడుబావ. గ్రాంథికం రాజ్యమేలుతున్న రోజుల్లో అది పెద్ద పనే. దాన్ని గౌరవిస్తం. అయితే ఎంకి బతుకులో పని కంటే వెన్నెల ఎక్కువ. కూలి తక్కువిచ్చిండని ఎంకి ఎవరితో కొట్లాడినట్టు మేము చూడలేదు.

అప్పుడు గుర్రం జాషువా 1941లో ‘గబ్బిలం’ రాసిండు. కాళిదాసు సందేశకావ్యం పద్ధతినే తీసుకున్నడు. అక్కడ పంపింది యక్షుడు, మోసింది మేఘం, అందాల్సింది ప్రియురాలికి. ఇక్కడ పంపింది అంటరాని పేదవాడు, మోసింది అపశకునమని తరిమే గబ్బిలం, అందాల్సింది కాశీలో ఉన్న శివునికి. యక్షునికి ఏడాది శిక్ష. భార్య అందాన్ని తలుచుకుంటూ కూర్చునే తీరిక ఉన్నది. మనవాని శిక్షకు గడువే లేదు. అందుకే ఆ సందేశంలో ప్రియురాలి వర్ణనకు బదులు ఆకలి ఉన్నది. మనోళ్ళు ప్రేమకవిత్వం ఎందుకు తక్కువ రాసిండ్రని అడిగేవాళ్ళకు ఇదే మా జవాబు.

తర్వాత మన ఆడవాళ్ళే కలం పట్టిండ్రు. స్త్రీవాద కవిత్వంలో జయప్రభ ‘పైటను తగలెయ్యాలి’ అంటే దేశం ఉలిక్కిపడ్డది. ఆ కోపం నిజమైంది. జూపాక సుభద్ర అదే కొంగు మీద వేరే కవిత రాసింది. మన ఆడవాళ్ళ కొంగు రొమ్ము మీద కావలి కాసేది కాదు, పనిలో తోడు ఉండేది అని చెప్పింది. ఒక్క బట్టముక్క మీద రెండు కులాల ఆడవాళ్ళకు రెండు చరిత్రలు ఉన్నయి. 1921 నుంచి 2002 దాకా దళిత స్త్రీలు రాసింది కూర్చి గోగు శ్యామల సంపాదకురాలుగా తెచ్చిన పుస్తకానికి ‘నల్లపొద్దు’ అని పేరు పెట్టిండ్రు. బొజ్జా తారకం గారి ఆధ్వర్యంలో వచ్చిన పక్షపత్రిక పేరు ‘నలుపు’. ఏ రంగు చూపించి మనల్ని తక్కువ చేసిండ్రో ఆ రంగునే పేరు చేసుకున్నరు.

క్రీము డబ్బా నుంచి రామప్ప దాకా

రాజుల కొలువులు పోయినయి. ఇప్పుడు కొలతలు వ్యాపారం చేతికి వచ్చినయి. మొదటి మలయాళ సినిమా ‘విగతకుమారన్’లో పి.కె. రోజీ అనే దళిత స్త్రీ నాయర్ స్త్రీ వేషం వేసింది. ఆమె కొప్పులోని పువ్వును నాయకుడు ముద్దు పెట్టుకునే దృశ్యం వచ్చేసరికి పైకులాల ప్రేక్షకులు తెర మీద రాళ్ళేసిండ్రని, ఆమె ఊరు విడిచి పారిపోవాల్సి వచ్చిందని ఆ చరిత్ర వెలికి తీసినోళ్ళు చెప్తరు. మన కొప్పులో పువ్వుకు కూడా వాళ్ళ అనుమతి కావాలె.

1957 ‘మాయాబజార్’ నాటి సావిత్రి బొద్దుతనం అప్పటికి అందం. ఇప్పటి సినిమా దాన్ని ఒప్పుకోదు. ముంబై నుంచి వచ్చిన తెల్లటి బక్కపిల్లకు మాట ఇంకొకరు చెప్తరు. 1975లో హిందుస్థాన్ లీవర్ కంపెనీ ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ తెచ్చింది. 2020లో అమెరికాలో నల్లవాళ్ళ ఉద్యమం ప్రపంచాన్ని కుదిపినప్పుడు పేరులో ‘ఫెయిర్’ తీసి ‘గ్లో’ అని పెట్టుకున్నది. పేరు మారింది, పెండ్లిచూపుల్లో ప్రశ్న మారలేదు. 1994లో ఒకే ఏడాది సుస్మితా సేన్‌కు విశ్వసుందరి, ఐశ్వర్యా రాయ్‌కు ప్రపంచసుందరి కిరీటాలు వచ్చినయి. 1996లో బెంగళూరులో పోటీ పెడితే ఆడవాళ్ళు పెద్ద ఎత్తున నిరసన చేసిండ్రు. 2025 మే నెలలో ఆ పోటీ హైదరాబాదుకు వచ్చింది.

ఆ నెలలోనే సుందరీమణులను మన రామప్పకు తీసుకపోయిండ్రు. రామప్ప గుడి 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిండు. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. అక్కడ చూరు కింద నిలబడ్డ మదనికల శిల్పాలు చూసిండ్రా? నల్లరాతి ఆడవాళ్ళు. అద్దం లెక్క మెరుస్తరు. దేశదేశాల పండితులు వచ్చి ఆ నలుపును మెచ్చుకుంటరు. ఆ గుడి దగ్గరనే సుందరీమణుల్లో కొందరి కాళ్ళ మీద స్థానిక ఆడవాళ్ళతో నీళ్ళు పోయించి తుడిపించిండ్రు. ఆ బొమ్మ దేశమంతా చూసింది. అతిథి మర్యాదే గదా అన్నోళ్ళూ ఉన్నరు. మేము అడిగేది ఒకటే. నల్లరాయిని అందం అని నెత్తిన పెట్టుకుంటరు. నల్లటి మనిషిని అందగత్తెల కాళ్ళ దగ్గర కూర్చోబెడ్తరు. రాయి కూలి అడగదు గనకనా?

మనం ఏం చేయాలె?

ఇన్ని మాట్లాడి మనం వాళ్ళనే తిట్టుకుంటూ ఇంటికి పోతే లాభం లేదు. మన ఇండ్లల్లో కూడా చూసుకోవాలె. చదువుకొని ఉద్యోగం తెచ్చుకున్న మన తమ్ములు పెండ్లిచూపులకు పోయి ‘పిల్ల రంగు తక్కువ’ అని తిరిగి వస్తున్నరు. వేదికల మీద అంబేద్కర్ పేరు చెప్పి ఇంట్ల తెల్లపిల్లను వెతికే అన్నలు ఈ సభలో కూడా ఉన్నరు. మీ అవ్వ ఏ రంగో మర్చిపోయిండ్రా తమ్ముడూ?

ఇంకో జాగ్రత్త. శ్రమలోనే అందం ఉన్నదని పాటలు కట్టే మిత్రులు ఉన్నరు. మంచి మనసుతోనే కట్టొచ్చు. కానీ మా అవ్వ పగిలిన మడిమెలు అందం కాదు. అవి చెప్పులు కొనలేని కూలి. వాటి మీద కవిత్వం రాసి చప్పట్లు కొట్టించుకునే ముందు కూలి రేటు గురించి మాట్లాడండి. మాకు పగుళ్ళకు పొగడ్త వద్దు, పగుళ్ళు మానాలె. ఆమెకూ నూనె పెట్టుకొని, పువ్వు పెట్టుకొని, భయం లేకుండా బజారులో నడిచే హక్కు కావాలె.

అలంకారం చిన్న విషయం కాదని అంబేద్కర్ అప్పుడే చెప్పిండు. 1927 డిసెంబరులో మహద్‌లో మనుస్మృతిని తగలబెట్టిన ఆ సభల్లోనే ఆడవాళ్ళతో మాట్లాడుతూ, చూడగానే అంటరానివాళ్ళని గుర్తుపట్టేటట్టు చేసే చీరకట్టును, సొమ్ములను వదలమన్నడు. ఆడవాళ్ళు అక్కడికక్కడే కట్టు మార్చుకున్నరు. మనువు ఇనుప సొమ్ముల సూత్రానికి అది జవాబు.

బడి పంతుళ్ళకు, పంతులమ్మలకు మా విన్నపం. నాయిక వర్ణన పాఠం చెప్పేటప్పుడు ఆ పిల్లలకు గాథాసప్తశతిలోని నల్లపడుచు సంగతి కూడా చెప్పండి. శ్యామ అంటే నల్లనిది అని కూడా రాయించండి. స్వాగతం వరుసలో రంగు చూసి పిల్లల్ని ఏరితే అక్కడనే అడ్డం తిరగండి. మా లెక్క నోరు మూసుకొని నిలబడకండి. రాసే పిల్లలకు ఇంకో మాట. మన వాడ ప్రేమలు రాయండి. కలుపు గట్ల మీద, బీడీల కార్ఖానాల్లో, హాస్టళ్ళలో, ఆటోల్లో పుట్టిన ప్రేమలు ఉన్నయి. వాటిని మనం రాయకపోతే వాళ్ళు రాయరు.

ఇయ్యాల సావిత్రిబాయి వర్ధంతి. 1848లో పూనాలో ఆడపిల్లలకు చదువు చెప్పడానికి ఆ తల్లి పోతుంటే పేడ, బురద విసిరిండ్రు. సంచిలో ఇంకో చీర పెట్టుకొని పోయి, బడిలో మార్చుకొని పాఠం చెప్పింది. 1897లో ప్లేగు రోగులకు సేవ చేస్తూ చేస్తూ ఆ రోగంతోనే పోయింది. ఆమె మీద పడ్డ పేడ ఆమె మలినం కాదు, విసిరిన చేతులది.

ఆ తొమ్మిదో తరగతి పిల్ల ఇప్పుడు నర్సింగు చదువుతున్నది. మొన్న ఫోన్ చేస్తే చెప్పినం: ‘బిడ్డా, నువ్వడిగినాయన ఉన్నడు. రెండు వేల ఏండ్ల కింద ఉన్నడు. తర్వాత ఆయన్ను దాచిపెట్టిండ్రు.’ ఆ పిల్ల కొంచెంసేపు ఊకున్నది. తర్వాత అన్నది: ‘దాచినోళ్ళ పేర్లు కూడా పాఠంల పెట్టండి మేడం.’

పెడ్తమని మాటిచ్చినం. మీ అందరి ముందు ఆ మాటనే మళ్ళీ చెప్తున్నం.

జై భీమ్. జై సావిత్రిబాయి.